ఐబ్ దాచి అమ్మిన కుర్సీ



ఈసారి క్రికెట్ గురించి రాస్తున్నాను. "కౌమ్‌కు ఇన్ని ముసీబతులుంటే నీకు క్రికెట్ గుర్తొచ్చిందా భాయ్?" అని కొందరు అడుగుతారని తెలుసు. అడగండి. జవాబ్ చివర్లో ఇస్తాను. ముందు మా అబ్బా సంగతి వినండి.

అబ్బాకు డెబ్బై నాలుగేళ్లు. విజయనగరంలో నలభై ఏళ్లు బట్టల దుకాణం నడిపారు. గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. 1984-85లో అజహరుద్దీన్ ఇంగ్లండ్ మీద తన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టినప్పుడు, దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చాయ్ తాగించారని అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. 1988లో విశాఖ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్‌తో వన్డే జరిగితే, దుకాణం వదిలి కదల్లేకపోయారు. 2005 ఏప్రిల్ 5న మధురవాడ కొత్త మైదానంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు మా ఆపాను ఆసుపత్రిలో చేర్చి ఉన్నాం. అలా ఆయన జిందగీ మొత్తం క్రికెట్ చెవులతోనే గడిచింది. తర్వాత టీవీ వచ్చింది. కానీ ఆయన ఒకే మాట అనేవారు: "రేడియోలో అంతా వినిపిస్తది బేటా, మణికట్టు ఒక్కటే కనిపించదు. టీవీలో కనిపిస్తది గానీ అది వాళ్లు చూపించిందే. ఒక్కసారి నా కళ్లతో నేను చూడాల."

ఆ అర్మాన్ తీర్చాలని ఒక పెద్ద నగరంలో మ్యాచ్‌కు మూడు టికెట్లు కొన్నాను. అబ్బాకు, నాకు, పన్నెండేళ్ల మా బేటీకి. ఒక్కోటి రెండున్నర వేలు. రాత్రి రైలెక్కి వెళ్లాం. ఏ ఊరో, ఏ సంఘమో, ఏ మ్యాచో రాయను. ఒకరి మీద కీచడ్ చల్లడం నా మక్సద్ కాదు, ఇది ఒక్క చోటి బీమారీ కూడా కాదు.

మా కుర్సీలు కింది అంతస్తులో అయిదో వరస. కూర్చోగానే అర్థమైంది. ఎదురుగా మనిషికి రెండింతల ఎత్తున ఇనుప జాలీ. ఆ జాలీని నిలబెట్టిన స్తంభాల్లో ఒకటి సరిగ్గా మాకూ పిచ్‌కూ మధ్య ఉంది. ఎడమకు వంగితే బౌలర్ కనిపిస్తాడు, కుడికి వంగితే బ్యాటర్ కనిపిస్తాడు. ఇద్దరూ ఒకేసారి కనిపించరు. బౌండరీ తాడు వెంట పెట్టిన లైట్ల బోర్డులు మా వైపు వచ్చిన బంతిని మింగేసేవి. జనం అరిచినప్పుడల్లా అబ్బా నా మోచెయ్యి తట్టి "ఏటైంది బేటా?" అని అడిగేవారు. నేను ఫోన్ తీసి స్కోరు చూసి చెప్పేవాణ్ని. పది ఓవర్లయ్యాక ఆయన అడగడం మానేశారు.

అక్కడ నిలబడ్డ కుర్రాడికి చెప్పాను. పాపం, అతని ఖసూర్ ఏముంది? "పెద్ద స్క్రీన్ ఉంది కదా సార్" అన్నాడు. కౌంటర్‌కు వెళితే అక్కడ ఎవరూ లేరు. ఇంటికొచ్చి మెయిల్ పెడితే "టికెట్టు షరతుల ప్రకారం డబ్బు వాపసు ఉండదు" అని రెండు వాక్యాల జవాబ్ వచ్చింది. తిరుగు రైల్లో అబ్బా షికాయత్ చేయలేదు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "లైట్లు బాగున్నాయి బేటా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

దుకాణంలో అబ్బా దస్తూర్ వేరేగా ఉండేది. మిల్లు నుంచి వచ్చిన థాన్‌లో ఎక్కడైనా దారం తెగి ఉంటే, మడత విప్పి గిరాకీ ముందు పరిచి, "ఇక్కడ ఐబ్ ఉందమ్మా, అందుకే మీటరుకు పది తక్కువ, ఇష్టమైతేనే తీసుకోండి" అనేవారు. చాలామంది తీసుకునేవాళ్లు. లోపల లంగాకో, దిండు గలీబుకో పనికొస్తుందని సంతోషంగానే తీసుకునేవాళ్లు. ఐబ్ ఉన్న సరుకు అమ్మడం తప్పు కాదు. చెప్పకుండా మడత లోపల పెట్టి అమ్మితే అది దగా. మన ఫిఖ్‌లో దీనికి ఒక పేరే ఉంది: ఖియారె ఐబ్. దాచిన లోపం కొన్నాక బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్ కొన్నవాడికి ఉంటుంది. ఇది మదరసా గోడల మధ్య ఉండిపోయిన మాట కాదు, మెయిన్ రోడ్డు మీద కొలబద్ద పట్టుకున్న ప్రతి దుకాణదారుడికీ తెలిసిన మాట. శ్రీకాకుళం సంతలో వంకాయలు అమ్మే అప్ప కూడా పుచ్చులు వేరుగా పోసి సగం ధరకు ఇస్తుంది. కోట్ల రూపాయల క్రికెట్‌కు ఆ పాటి ఈమాన్‌దారీ ఎందుకు రాదు?

నా దావా ఇదే. ప్రతి కుర్సీ నుంచీ మైదానం మొత్తం కనిపించాలని నేను పట్టుబట్టడం లేదు. అడ్డు ఉన్న కుర్సీని అడ్డు ఉందని చెప్పి, తక్కువ ధరకు అమ్మండి. చెప్పకుండా అమ్మితే పైసలు వాపసు ఇవ్వండి. అంతే.

ఇది నా ఖయాలీ పులావ్ కాదు. దునియాలో జరుగుతున్న పనే. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది, మన క్రికెట్‌కు దూరపు చుట్టం. 2009లో న్యూయార్క్‌లో ఒకే ఏడాది రెండు కొత్త స్టేడియాలు తెరిచారు, యాంకీస్ జట్టుకు ఒకటి, మెట్స్ జట్టుకు ఒకటి. వంద కోట్ల డాలర్లు దాటిన ఖర్చుతో కట్టిన యాంకీ స్టేడియంలో, సెంటర్ ఫీల్డ్ వెనక అద్దాల రెస్టారెంట్ ఒకటి లేపారు. దాని రెండు పక్కలా ఉన్న చౌక బల్లల మీద కూర్చున్న వాళ్లకు మైదానంలో ఒక ముక్క కనిపించకుండా పోయింది. మెట్స్ వాళ్ల సిటీ ఫీల్డ్‌లో పై అంతస్తు మూలల్లో కూర్చున్న వాళ్లకు బంతి తమ వైపు మూలకు వస్తే ఏమైందో తెలియలేదు. అభిమానులు ఊరుకోలేదు. కొత్త స్టేడియంలో మాకు గోడ అమ్ముతారా అని గట్టిగా అడిగారు. యాంకీస్ వాళ్లు గోడ కూల్చలేదు గానీ, ఆ అడ్డున్న సీట్లను 5 డాలర్లకే అమ్మారు. అదే స్టేడియంలో మైదానం అంచున 2,500 డాలర్లకు పెట్టిన కుర్సీలు ఖాళీగా ఉండి టీవీలో బేఇజ్జతీ అవుతుంటే, సీజన్ మొదలైన నెలలోనే వాటిలో కొన్నింటి ధర సగానికి దించారు. అడిగితే ధర దిగుతుంది. అడగనిచోట ఎందుకు దిగుతుంది?

ఇంగ్లండ్‌లో పాత ఫుట్‌బాల్ మైదానాల్లో పైకప్పును మోసే స్తంభాలు ప్రేక్షకుల మధ్యనే ఉంటాయి. వాటి వెనక సీట్లూ అమ్ముతారు. కానీ చూపుకు అడ్డు ఉందని కొనేముందే చెబుతారు, ధర తగ్గిస్తారు. ఇష్టమున్న వాడు కొంటాడు. అక్కడ స్తంభాన్ని తిట్టుకుంటూ కూర్చున్నా ఎవరూ మోసపోయాననుకోరు. మా అబ్బా పరిచి చూపించిన థాన్ అదే.

ఇక మన దగ్గర ఎలా ఉంది? ఆన్‌లైన్‌లో టికెట్టు కొంటే ఒక గుండ్రటి బొమ్మ చూపిస్తారు. ఒక స్టాండ్ నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. మొదటి వరసకూ ఇరవయ్యో వరసకూ ఒకే ధర. స్తంభం ఎక్కడుందో, జాలీ ఎంత ఎత్తుందో, కెమెరా మచాన్ ఎక్కడ కట్టారో ఆ బొమ్మలో ఉండదు. నీలం రంగు కొన్నాం, అంతే. అందులో మన నసీబ్ ఎలా ఉందో మైదానంలోకి వెళ్లాకే తెలుస్తుంది. కొనేముందు చూసుకోవాల్సింది అంటారు. ఎలా చూసుకోవాలి జనాబ్? మడత విప్పనివ్వకుండా థాన్ కొనమని చెప్పి, తర్వాత ఎందుకు విప్పలేదని అడిగితే ఎలా?

ఈ అడ్డు ఎక్కడ వస్తుందో కట్టేవాళ్లకు తెలియదా అంటే, బాగా తెలుసు. ఇంజనీర్ల దగ్గర దీనికి ఒక హిసాబ్ ఉంది. దాన్ని సీ విలువ అంటారు. కూర్చున్న మనిషి కంటి నుంచి మైదానం మీద చూడాల్సిన చోటికి ఒక గీత గీస్తే, ఆ గీత ముందు వరస మనిషి కళ్ల కన్నా ఎంత పై నుంచి పోతుందనేది ఆ లెక్క. బ్రిటన్‌లో క్రీడా మైదానాలకు వాడే గైడ్ ప్రకారం 90 మిల్లీమీటర్లుంటే బాగున్నట్టు, 60 ఉంటే ఏదోలా సరిపెట్టుకోవచ్చు. మెట్టు ఎత్తు, మెట్టు వెడల్పు, మైదానానికి దూరం లాంటివన్నీ కాగితం మీద వేస్తే ఒక్క ఇటుక పేర్చకముందే ప్రతి వరసకూ ఆ అంకె వచ్చేస్తుంది. అంటే ఏ కుర్సీలో ఐబ్ ఉందో నక్షా గీసిన రోజునే తెలుస్తుంది. తెలిసి చెప్పకపోవడాన్ని భూల్ అనరు.

జాలీ సంగతీ అంతే. మన పాత హవేలీల్లో, దర్గాల్లో రాతి జాలీలు చూసే ఉంటారు. లోపలి ఆడవాళ్లు జాలీకి కన్ను ఆనించి చూస్తే వీధంతా కనిపిస్తుంది. పది అడుగులు వెనక్కి జరిగితే కనిపించేది జాలీ మాత్రమే. దాన్నే కాస్త పక్కనుంచి ఏటవాలుగా చూస్తే సందులన్నీ మూసుకుపోయి గోడలా అవుతుంది. మైదానంలో కింది వరసలది ఇదే హాల్. ఎదురుగా ఉన్న ఫీల్డర్ కాస్త కనిపిస్తాడు, పక్కకు తిరిగి పిచ్ చూడబోతే ఇనుప గోడ.

జనం గుమిగూడిన చోట వెనకవాడికి ఎలా కనిపించాలనేది మన విజయనగరం వాళ్లకు కొత్త సవాలు కాదు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం జరుగుతుంది. ఊరు ఊరంతా రోడ్ల మీద ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనంతో ఇసకేస్తే రాలదు. పొడవాటి మాను చివర పూజారి కూర్చుని, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతారు. అంత జనంలో వెనక నిలబడ్డ ముసలాయనకూ, ఎవరి భుజం మీదో ఉన్న పసివాడికీ ఆ మాను చివర కనిపిస్తుంది. చిన్నప్పుడు మా దుకాణం మెట్ల మీద నిలబడి మేమూ చూసేవాళ్లం. టికెట్టు లేదు, ఆర్కిటెక్టు లేడు. చూడటానికి వచ్చిన జనానికి కనిపించాలన్న ఫిక్ర్ మాత్రం ఉంది.

మన దేశంలో కట్టలేరా అంటే అదీ కాదు. అహ్మదాబాద్‌లో లక్షా ముప్పై వేల మంది పట్టే స్టేడియాన్ని 2020లో కొత్తగా తెరిచినప్పుడు, మధ్యలో ఒక్క స్తంభం లేదని, ఏ మూల కూర్చున్నా మైదానం కనిపిస్తుందని గొప్పగా చాటుకున్నారు. మంచిదే. అంటే కనిపించడం గొప్పని వాళ్లకూ తెలుసన్నమాట. కనిపించే సీటు గొప్పని ఎలాన్ చేసే వాళ్లు, కనిపించని సీటు గురించి ఖామోష్‌గా ఎందుకుంటారు?

జాలీ తీసేస్తే జనం మైదానంలోకి దూకుతారు, సీసాలు విసురుతారు అంటారు. 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్ ఎలా ఆగిపోయిందో నాకూ గుర్తుంది. భద్రత కావాలి, ఎవరు కాదన్నారు? కానీ జాలీకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జనం ఒక్కసారిగా నెట్టుకుంటే, ముందువాళ్లు ఆ ఇనుప కంచెకు నలిగిపోయారు. 97 జానులు పోయాయి. ఆ తర్వాత జస్టిస్ టేలర్ ఇచ్చిన రిపోర్టుతో ఆ దేశపు ఫుట్‌బాల్ మైదానాల్లో కంచెలు తీశారు, కుర్సీలు వేశారు, సిబ్బందిని పెంచారు. జాలీ ఉంటేనే అమన్ అనుకోవడం ఒక ఆదత్ మాత్రమే. సరే, మీకు జాలీ తప్పదంటే ఉంచుకోండి. కానీ ఆ జాలీ వెనక కుర్సీని, జాలీ లేని పై వరస కుర్సీ ధరకే నాకెందుకు అంటగడుతున్నారు? ఈ ఒక్క సవాలుకు ఏ భద్రతా అధికారీ జవాబ్ చెప్పలేడు.

పెద్ద స్క్రీన్ చూడమంటారు. స్క్రీన్ చూడాలంటే మా ఇంట్లో ఉంది, పక్కన అమ్మీ చేసిన పకోడీలూ ఉంటాయి. ఏడున్నర వేలు పోసి, రాత్రంతా రైల్లో కూర్చుని, ముసలి తండ్రిని గేట్ల దగ్గర గంటన్నర నిలబెట్టి తెచ్చింది టీవీ చూపించడానికా? పైగా ఈ ధరలో సర్కారు వాటా కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్టు మీద జీఎస్టీ 40 శాతం. వెయ్యి రూపాయల టికెట్టుకు 400 పన్ను. విలాస వస్తువు మీద వేసే పన్ను ఇది. స్తంభం వెనక కూర్చోవడం ఏం విలాసమో ఎవరైనా సమ్‌ఝాయించండి.

అసలు ఈ బేఫిక్రీ ఎక్కడిది? దీని జడ మన ఊళ్లోనే కనిపిస్తుంది. విజయనగరం మహారాజ కుమార్, లోకమంతా విజ్జీ అని పిలిచిన మనిషి, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్. మూడు టెస్టులాడి మొత్తం 33 పరుగులు చేశాడు. కెప్టెన్సీ ఆటతో రాలేదు, దౌలత్‌తో, పైరవీతో వచ్చింది. అదే పర్యటనలో మాంచెస్టర్‌లో ముస్తాక్ అలీ 112, విజయ్ మర్చంట్ 114 కొట్టి మొదటి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. విదేశీ గడ్డ మీద టెస్టు సెంచరీ కొట్టిన మొదటి హిందుస్తానీ మన ముస్తాక్ అలీ. ఆట ఆడినవాళ్లు వేరు, మంచి కుర్సీ దక్కినవాళ్లు వేరు. మన క్రికెట్ అప్పటి నుంచీ పెవిలియన్ వైపు చూసే పెరిగింది. నవాబులు, రాజాలు పోయారు. వాళ్ల కుర్సీల్లోకి వీఐపీ పాసులొచ్చాయి. 2025 ఐపీఎల్‌లో ఉచిత పాసుల కోసం హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ తమను వేధిస్తోందని సన్‌రైజర్స్ జట్టే బహిరంగంగా ఆరోపించింది, తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. ఫుకట్ కుర్సీ కోసం అంత లొల్లి. పైసలిచ్చి కొన్నవాళ్ల సంగతో? 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్ దగ్గర టికెట్ల కోసం వచ్చిన జనం తొక్కిసలాటలో దెబ్బలు తిన్నారు. 2023 ప్రపంచ కప్ మ్యాచ్‌లకు ఉప్పల్ వెళ్లినవాళ్లు పక్షుల రెట్టలు పడ్డ కుర్సీల ఫొటోలు పెట్టారు. టికెట్టు కొన్నవాడు మెహమాన్ అన్న ఖయాలే లేని చోట, వాడికి ఆట కనిపిస్తోందా లేదా అని ఎవరు చూస్తారు?

ఇప్పుడు మనవాళ్లతో ఒక మాట. ఇది కాస్త చేదుగా ఉంటుంది.

మైదానంలో మా ముందు వరసలో ఇంకో కుటుంబం ఉంది. వాళ్లకూ కనిపించడం లేదు. వాళ్ల పెద్దాయన లేచి గట్టిగా అరిచాడు, ఇద్దరు ముగ్గురు వచ్చి మాట్లాడారు. నేను లేవబోతే అబ్బా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "మనం వద్దు బేటా. టోపీ పెట్టుకుని ఉన్నాను, క్రికెట్ దగ్గర గొడవంటే వేరేగా అనుకుంటారు." అంత మాటన్నారు డెబ్బై నాలుగేళ్ల మనిషి, తన డబ్బుతో కొన్న కుర్సీలో కూర్చుని. ఈ ఖౌఫ్ మీ ఇళ్లలోనూ ఉంది, నాకు తెలుసు. 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఓడిపోయాక మహమ్మద్ షమీని ఎన్నెన్ని మాటలన్నారో అందరం చూశాం. జట్టులో పదకొండు మంది ఓడితే ఒక్కడి పేరు చూసి వఫాదారీ అడిగారు. అప్పటి నుంచి క్రికెట్ మాటొస్తే మనలో చాలామంది గొంతు తగ్గించేశారు. దానికి సబర్ అని అందమైన పేరు పెట్టుకున్నాం.

అది సబర్ కాదు. సబర్ ముసీబత్‌లో నిలబడటం. మోసాన్ని చూస్తూ నోరు మూసుకోవడాన్ని డర్ అంటారు.

2021 జనవరిలో సిడ్నీలో మన హైదరాబాద్ సిరాజ్ ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. ఆటో నడిపిన తండ్రి కొడుకు. రెండు నెలల కిందటే ఆ తండ్రి పోతే, జనాజాకు కూడా రాలేక ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు. బౌండరీ దగ్గర నిలబడి ఉంటే స్టాండ్స్ నుంచి కొందరు బూతులు తిట్టారు. కొత్త కుర్రాడు, పరాయి దేశం, వేల మంది జనం. తలొంచుకుని ఊరుకోలేదు. నేరుగా అంపైర్ దగ్గరికి నడిచి చెప్పాడు. ఆట ఆగింది. భారత ఆటగాళ్ల మీద జాత్యహంకార దూషణ జరిగిన మాట నిజమేనని తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా తన విచారణలో ఒప్పుకుంది. సిరాజ్ రాయి విసరలేదు, బూతు తిరిగి తిట్టలేదు. కాయదా ప్రకారం ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పాడు. మనం చేయాల్సింది కూడా సరిగ్గా అంతే.

చెప్పడానికి చోటు లేదా? ఉంది. జస్టిస్ లోధా కమిటీ సంస్కరణల తర్వాత, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన బీసీసీఐ నియమావళిలో అంబుడ్స్‌మన్ పదవి ఉంది. టికెట్ల గురించి, స్టేడియంలో ప్రవేశం, సౌకర్యాల గురించి మామూలు ప్రేక్షకుడు చేసే షికాయత్ కూడా ఆయన పరిధిలో పెట్టారు. ఎంతమంది వాడుకున్నాం?

దానికన్నా దగ్గరగా ఇంకో దర్వాజా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటే ఏమిటో రాస్తూ, వినియోగదారుడికి అవసరమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమేనని చేర్చారు. మా అబ్బా దుకాణం దస్తూర్, ఫిఖ్ చెప్పిన ఐబ్, ఈ దేశపు కానూన్, మూడూ ఒకే మాట అంటున్నాయి. ఆ చట్టం కింద, మ్యాచ్ ఏ నగరంలో జరిగినా, మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో, విజయనగరం మనిషి విజయనగరంలో. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మీ మాట మీరే చెప్పుకోవచ్చు. రెండేళ్ల లోపు పెట్టాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించినా చాలాసార్లు అవతలివాళ్లు దిగివస్తారు.

కాబట్టి వచ్చే మ్యాచ్‌కు వెళ్లేవాళ్లు ఈ కాస్త చేయండి. కూర్చోగానే, మీ కంటి ఎత్తున ఫోన్ పెట్టి ఎదురుగా ఏం కనిపిస్తోందో ఒక ఫొటో తీయండి. టికెట్టు పారేయకండి. స్టాండ్, వరస, కుర్సీ నంబరు రాసుకోండి. అక్కడున్న సిబ్బందికి అదబ్‌గా చెప్పండి, ఎవరికి చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో గుర్తు పెట్టుకోండి. అదే రోజు రాత్రి రాతపూర్వకంగా పంపండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ దరఖాస్తు వాళ్లతో రాయించండి, వాళ్లకూ నేర్పినట్టవుతుంది.

సంఘాలను అడిగేది కూడా ఎక్కువేం లేదు. టికెట్టు అమ్మే చోట ప్రతి వరస నుంచీ మైదానం ఎలా కనిపిస్తుందో అసలు ఫొటో పెట్టండి. అడ్డున్న కుర్సీ మీద తెలుగులో "ఇక్కడి నుంచి పూర్తిగా కనిపించదు" అని అచ్చు వేయండి, ధర తగ్గించండి. మైదానంలోనే ఒక కిటికీ తెరిచి, ఆ రోజే కుర్సీ మార్చండి, లేదా పైసలు వాపసు ఇవ్వండి. ముసలివాళ్లకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు కనిపించే చోట స్థలం ఉంచండి, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎలాగూ అడుగుతున్నదే.

ఇప్పుడు మొదటి సవాలుకు జవాబ్. కౌమ్‌కు ఇన్ని ముసీబతులుండగా క్రికెట్ కుర్సీ గోల ఎందుకు? రేషన్ దుకాణంలో తూకం తగ్గితే మనం ఊరుకుంటున్నాం. మునిసిపల్ ఆఫీసులో కాగితం నెలల తరబడి తిప్పితే ఊరుకుంటున్నాం. బడిలో పిల్ల పేరు తప్పు రాసి, దిద్దమంటే మళ్లీ రమ్మంటే ఊరుకుంటున్నాం. ఊరుకోవడం ఒక్కచోట నేర్చుకుంటే అన్నిచోట్లా వస్తుంది. అడగడమూ అంతే. మా బేటీ ఆ రోజు నా పక్కనే కూర్చుని అన్నీ చూసింది. తాతయ్య చెయ్యి పట్టి కూర్చోబెట్టిందీ చూసింది, నేను కూర్చుండిపోయిందీ చూసింది. ఇంటికొచ్చాక అడిగింది: "అబ్బూ, ఆ ముందు అంకుల్ అరిస్తే వచ్చారు కదా, మీరెందుకు అడగలేదు?" ఏడున్నర వేలు పోయిన నుక్సాన్ నేను మర్చిపోగలను. ఆ సవాలును మర్చిపోలేకపోతున్నాను.

అందుకే వచ్చే వారం జిల్లా కమిషన్‌లో షికాయత్ పెడుతున్నాను. అబ్బా మొదట వద్దన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న ఇషా తర్వాత తన పాత లెక్కల డైరీ తీసి, అందులో దాచుకున్న మూడు టికెట్లూ నా చేతిలో పెట్టారు. పారేయలేదన్నమాట. ఫిర్యాదులో ఏం రాయమంటారు అబ్బా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఐబ్ చెప్పకుండా అమ్మారని రాయి బేటా. అది చాలు" అన్నారు.

అల్లాహ్ హాఫిజ్.